ఏడు నీళ్ళ పొట్టు

నమోదు 1. శ్రావణం, మబ్బు

గట్టు మీద నర్సరీ నడిపే ప్రతి మనిషీ ఏం చేసిందీ ఎప్పటికప్పుడు ఈ పలకకి చెప్పాలని గట్ల మండలి హుకుం. నేను చెబుతాను, పలక రాసుకుంటుంది. నేనెంత నాటుగా మాట్లాడినా నా మాటల్ని పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తుంది, పక్కవాళ్ళు అన్నవి మాత్రం అన్నవి అన్నట్టే దించుతుంది. ఆ లెక్కన పీతలలంకలో మర్యాదస్తురాలిని నేనొక్కదాన్నే అని లోకానికి తెలుస్తుంది. సంతోషం.

నా పేరు రాజ్యం. గోదావరి సముద్రంలో కలిసే చోట పాత లంకలన్నీ మునిగాక మిగిలిన గట్టు మాది. గట్టు మీద ఇళ్ళు, గట్టుకి కట్టిన తెప్పల మీద నా నర్సరీ. ఇక్కడి మట్టి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు ముద్దే. అందుకే మొలకల్ని మట్టిలో కాదు, కొబ్బరి పొట్టులో పెంచుతాం. పీచు తీసేశాక రాలే ఆ పొడిని మొగలాకు బుట్టల్లో నింపి, బుట్టకొక గింజ పెడతాం.

ఈ రోజంతా పొట్టు కడిగాను. కొత్త పొట్టు నీళ్ళలో వేస్తే ఎర్రని కషాయం దిగుతుంది, అది మొలకకి పడదు. పక్క లంకల వాళ్ళు రెండు నీళ్ళు కడిగి చేతులు దులుపుకుంటారు. నేను ఏడు నీళ్ళు కడుగుతాను. వాన తొట్టిలో నీరు ఎంత తేటగా ఉందో ఏడో నీరు అంత తేటగా దిగాలి. నలుగురూ నన్ను చాదస్తురాలంటారు గానీ, మొక్క కావాలంటే నా తెప్ప దగ్గరికే వస్తారు.

"ఏంటే మరదలా, ఇయ్యాల కూడా కడుగుడేనా? పొట్టుకి జలుబు చేసుద్దే," అన్నాడు అబ్బులు బావ, పడవలోంచి పొట్టు బస్తాలు దించుతూ. మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు నన్ను అతనికే ఇద్దామనుకున్నారు. నేను మొక్కల్ని చేసుకున్నాను, అతను పడవని చేసుకున్నాడు. ఇద్దరం సుఖంగా ఉన్నాం.

"నీ నోరు కూడా ఏడు నీళ్ళు కడగాలి బావా. ముందు బస్తాలు దించు," అన్నాను.

మధ్యాహ్నం గాలిపడవలు వచ్చి తుంపర చల్లి వెళ్ళాయి. ఒండ్రు కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుందని ఎవరో పుణ్యాత్ములు పుట్టించిన తీగ ఒకటుంది. వచ్చింది, తిన్నది, పడుకుంది, ఇక కదలదు. అందుకే మేం దాన్ని ఇల్లరికం తీగ అంటాం. దాన్ని మొలకలోనే చంపడానికి మండలి తుంపర చల్లిస్తుంది. తుంపర పెరిగిన చెట్టు జోలికి పోదు. మొలకని మాత్రం వదలదు, అది ఇల్లరికం తీగదా ఇంకొకదానిదా అని చూడదు. ఎండ తగిలితే చాలు, దాని పవరు పోతుంది. కాబట్టి మబ్బు పట్టిన రోజే చల్లుతారు. ఈ ఏడు తీగ మొండికెత్తిందని మోతాదు పెంచారట. చల్లేటప్పుడు మొలకల మీద తడకలు కప్పుతాం గానీ, మా వాన తొట్లు నిండేది ఆ మబ్బు కిందే.

నమోదు 2. శ్రావణం, ఎండ

మండలి నుంచి నీటి పరీక్షల మనిషి వచ్చింది. పేరు నజీమా. మెట్ట ప్రాంతపు అమ్మాయి, తెప్ప మీద అడుగేసేటప్పుడు చీర కొంగు పట్టుకున్నంత గట్టిగా నా భుజం పట్టుకుంది. మంచి మనిషే. తెచ్చిన కబురే మంచిది కాదు.

"రాజ్యం గారూ, ఈసారి మండలి పట్టుగా ఉందండీ. కార్తీక పోటు వచ్చేలోగా మీ బయటి గట్టు వెంట మడ మొక్కలు నాటి, అవి బతికి ఉన్నట్టు కనపడాలి. కనపడితే గట్టుకి మరమ్మతులు చేస్తారు. లేకపోతే ఈ గట్టుని సముద్రానికి వదిలేసి, మీ అందర్నీ మెట్ట మీద గూళ్ళకి తరలిస్తారు."

మెట్ట మీద గూళ్ళంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన గదులు. పైకెక్కితే గాలి, కిందకి దిగితే గోడ.

"గూళ్ళలో పావురాలుంటాయి నజీమా గారూ. మేం పీతలం," అన్నాను. నవ్వుతూనే అన్నాను. నేను పుట్టిన ఊరు మునగడం ఒకసారి చూశాను. రెండోసారి చూడలేను.

నజీమా తన దగ్గరున్న కాగితపు ముక్కని, ఎండ చొరకుండా మూత వేసి ఉంచే లోతైన వాన తొట్టిలో ముంచింది. ముదురు నీలం అయింది. ఎంత నీలమైతే అంత తుంపర ఉన్నట్టు. తర్వాత మొలకల బుట్టల కింద కారుతున్న నీటి చుక్కలు పట్టి ఇంకో కాగితం తడిపింది. తెల్లగానే ఉంది. మళ్ళీ తడిపింది. తెలుపే.

"పైన పోసేది విషం, కింద దిగేది మంచినీరు. మీ పొట్టు నీళ్ళని కడుగుతోందండీ!" అంది కళ్ళు పెద్దవి చేసి.

"ఏడు నీళ్ళ పొట్టమ్మా అది, ఏమనుకున్నావు?" అన్నాను. ఆ పొంగులో గారు ఎగిరిపోయింది. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. మడ మొలకలు అప్పటికే రెండేసి ఆకులు విప్పుకుని నిలబడ్డాయి. నేను గాలిలో తేలాను.

నమోదు 3. శ్రావణం చివర

ఇవాళ మొలకల బారసాల.

పిల్లలకి చేసినట్టే మొలకలకీ బారసాల చేయడం మా లంకలో ఆచారం. ఇది మా అత్తయ్య అచ్చియ్యమ్మతో, అంటే అబ్బులు బావ తల్లితో, మొదలైంది. పాత లంక మునిగిన రోజు జనం పెట్టెలూ పరుపులూ పడవల్లోకి ఎక్కిస్తుంటే, అత్తయ్య పొయ్యిలోని బూడిదని నిప్పుతో సహా కుండకెత్తుకుని వచ్చింది. గట్టు మీద గుప్పెడు మంచి మట్టి లేని రోజుల్లో ఆ బూడిదే పొట్టు మీద చల్లి మొదటి మొక్కలు బతికించింది. అప్పటినుంచి రెండో ఆకు విప్పగానే గడప గడపా తమ పొయ్యి బూడిద తెచ్చి బుట్టల్లో చల్లుతారు. వరసకొక పెద్దల పేరు పెడతారు. మా తాత వరస, సూరమ్మ అవ్వ వరస, ఇలాగ.

"ఒసే రాజ్యం, నీ పొయ్యి బూడిదేదే? ఎప్పుడూ అరిసేదానివి, ఇయ్యాల మొహం సాటేసేవేంటి?" అంది అత్తయ్య. పళ్ళు లేకపోయినా గొంతు గట్టు చివరి దాకా వినపడుతుంది.

తెచ్చాను. అందరం చల్లాం. మడ ఆకుల మీద బూడిద పడి మొలకలన్నీ విభూది పెట్టుకున్నట్టు కనపడ్డాయి. అబ్బులు బావ డప్పు కొట్టాడు. చాలా రోజులకి కడుపు నిండా నవ్వాను.

నమోదు 4. భాద్రపదం

చచ్చిపోయాయి.

బారసాలయిన మర్నాటికి కాడలు మెలి తిరిగాయి. ఆ మర్నాటికి ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. ఈ రోజు తెప్ప మీద వరసలకి వరసలు నల్లగా వాలిపోయి ఉన్నాయి. నేను తెప్ప మధ్యలో కూలబడి ఏడ్చాను. పలకా, దీన్ని దిద్దకు. ఏడ్చానంటే ఏడ్చాననే రాయి.

గట్టు మీద తలా ఒక మాట. గింజ మంచిది కాదన్నారు. దిష్టన్నారు. డప్పు చప్పుడికి బెదిరాయని ఒకామె అంటే బావ డప్పు తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాడు.

నజీమాకి కబురు పెడితే పరుగున వచ్చింది. వాన తొట్టిలో కాగితం ముంచితే ఎప్పటి నీలమే. బుట్టల కింద చుక్కలు పట్టి చూసి కాగితం నా చేతిలో పెట్టింది. ఈసారి అది పైన పోసే నీళ్ళకన్నా ముదురు నీలం.

"ఇదెలా కుదురుతుంది? కిందటిసారి తెల్లగా వచ్చింది కదమ్మా," అన్నాను.

"అదే నాకూ అర్థం కావట్లేదక్కా. పోసిన దానికన్నా ఎక్కువ దిగుతోంది. అంటే మీ పొట్టు ఇన్నాళ్ళూ శుభ్రం చేయలేదు, దాచుకుంది. దాచుకున్నదంతా ఇప్పుడు ఒక్కసారే వదిలేసింది."

అప్పుడు తట్టింది నాకు. ఏడు నీళ్ళు! అన్నీ వాన నీళ్ళే. పక్క లంకల వాళ్ళ పొట్టు రెండుసార్లు తాగితే నా పొట్టు ఏడుసార్లు తాగింది. కషాయం వదిలించాననుకుంటూ కడిగిన ప్రతిసారీ విషం పట్టించాను. ఏళ్ళ తరబడి నేను మీసం లేకుండానే మెలేసిన మీసం అక్కడ వాలిపోయింది.

మరి పాత ఏళ్ళలో ఎందుకు చావలేదంటే అప్పటి తుంపర పలచన. దాచుకున్నది వదిలినా మొలక తట్టుకునేది. ఈ ఏడు మోతాదు పెరిగింది. ఇది నజీమా చెప్పింది. కానీ పట్టుకున్న దాన్ని పొట్టు ఎందుకు వదిలిందో ఇద్దరికీ తెలియలేదు.

లేచి వెళ్ళబోతుంటే మా గుమ్మం వైపు చూసి ఆగిపోయాను. నా ఇంటి గుమ్మం పక్కనున్న ఒక్క వరస పచ్చగా ఉంది.

నమోదు 5. భాద్రపదం, వాన

అదే గింజ, అదే పొట్టు, అదే బూడిద. ఆ వరస ఎందుకు బతికింది?

"గుమ్మం ముందుంది గదా, నీకు బయపడి బతికుంటాయే," అన్నాడు బావ. తన్నాలనిపించింది. కానీ ఆ తర్వాత అన్నదే అసలు మాట. "లేపోతే నువ్వు రోజూ పొద్దున్నే ఆటి మీద తరవాణి పారబోత్తావు గదా, అది తాగి బలిసేయేమో."

తరవాణి అంటే రాత్రి అన్నంలో గంజీ నీళ్ళూ పోసి పులియబెట్టేది. పొద్దున్నే తాగుతాను. కుండ అడుగున మిగిలిన పులుపుని గుమ్మం పక్క పారబోయడం నాకు అలవాటు. మా అమ్మకీ ఉండేది.

నజీమాకి చెబితే ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "పులుపక్కా! పొట్టులో ఎంతోకొంత పులుపు ఎప్పుడూ ఉంటుంది. తుంపర ఆ పులుపులో ఉంటే పొట్టుకి అంటుకుపోతుంది. పులుపు విరిగితే ఊడిపోతుంది. పులుపుని విరిచేది ఏదైనా వేశారా?"

వేశాం. గడప గడపా తెచ్చి, పేరు పెట్టి, డప్పు కొట్టి మరీ వేశాం. బూడిద.

చేసి చూడందే నమ్మనని మొండికేశాను. మిగిలిన గింజలతో మూడు రకాల బుట్టలు పెట్టాం. ఒక రకానికి బూడిద. ఒక రకానికి తరవాణి పోసి, దాని మీద బూడిద. ఒక రకానికి ఏదీ లేదు. బూడిద ఒక్కటే పడినవి మెలి తిరిగాయి. మిగతా రెండూ నిలబడ్డాయి, తరవాణివి కాస్త ఎక్కువ నిటారుగా.

సందేహం తీరింది. నా గొప్పతనం విషం పట్టించింది, అత్తయ్య గొప్పతనం దాన్ని కక్కించింది. ఇద్దరం కలిసి లంక కొంప ముంచబోయాం.

నమోదు 6. భాద్రపదం చివర

మడ కాయలు రాలే కాలం ఇంకా ఉంది. బావ పడవేసుకుని పాత చెట్ల దగ్గరికి వెళ్ళి ఏరుకొచ్చాడు. మళ్ళీ పెట్టాం. కార్తీకానికి ఇదే ఆఖరి అదను, మూడోసారి పెట్టే వ్యవధి లేదు.

ఈసారి బారసాల ఉండదని గట్టు మీద చెప్పాను. అందరూ అత్తయ్య వైపు చూశారు.

"నా బూడిద సంపేసిందంటావు," అంది అత్తయ్య.

"బూడిద తప్పు కాదు అత్తయ్యా. పొట్టులో ఉన్న విషాన్ని..."

"ముప్పై ఏళ్ళ మట్టి నా బూడిద. ఆ కుండెత్తుకొచ్చినప్పుడు నా సేతులు బొబ్బలెక్కినియ్యి. నువ్వా కుండ పక్కనే కూకున్నావు, పదేళ్ళ పిల్లవి. సలేత్తందని దానికే అతుక్కుపోయేవు."

ఆ మాట అనేసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. నాకు వచ్చిన వంటంతా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, తిట్లు కూడా. నాకు అన్నం సహించడం లేదు.

నమోదు 7. ఆశ్వయుజం

ఏడుస్తూ కూర్చుంటే మొక్కలు పెరగవు. పొట్టు విషాన్ని పట్టుకుంటుందని తెలిశాక దాన్ని బుట్టలో ఎందుకు పట్టుకోనివ్వాలి? మొక్క దాకా రాకముందే పట్టుకోవాలి.

నజీమా బొమ్మ గీసింది, నేను దాన్ని సగం చెరిపి నా పద్ధతిలో గీశాను. కావలసింది పెద్ద తొట్టి. అంత పెద్దది లంకలో ఒక్కటే ఉంది, బావ రెండో పడవ.

"దాన్ని మాత్రం అడక్కే," అన్నాడు.

"అడగడం లేదు బావా. తీసుకుంటున్నాను."

"ఒకప్పుడు పెళ్ళి చేసుకోమంటే పోరా అంది, ఇప్పుడు పడవకి బెజ్జాలెడతానంటంది. నా జాతకం ఏం జాతకవో," అంటూనే తనే ఉలి తెచ్చి అడుగున బెజ్జాలు చేశాడు.

పడవ నిండా పొట్టు నింపాం. ఇంటింటి తరవాణి కుండలు తెచ్చి దాని మీద పోశాం. లంకంతా పులుపు కంపు కొట్టింది. పైనుంచి వాన తొట్టి నీళ్ళు వదిలాం. పొట్టులోంచి దిగి, బెజ్జాల్లోంచి కింది తొట్టిలోకి కారాయి. నజీమా కాగితం ముంచింది. తెలుపు! పాలు పోసినా అంత తెల్లగా ఉండదు. కొత్త పొట్టు కూడా ఈ నీళ్ళతోనే కడిగాను, ఏడుసార్లూ, మొలకెత్తిన గింజల్ని ఆ పొట్టులోకి మార్చాను. అలవాటు మానలేదు, నీళ్ళు మార్చానంతే.

మొలకలు రెండో ఆకు విప్పాయి. బూడిద లేదు, పేర్లు లేవు, డప్పు లేదు. కానీ మెలి తిరగలేదు.

నమోదు 8. ఆశ్వయుజం, మూడు రోజులుగా మబ్బు

ఇంకా చల్లుతారని నజీమా మొన్న తెచ్చిన కబురు నిజమైంది. పోటు ముందు తీగని అణచాలని గాలిపడవలు వరసగా వచ్చి చల్లుతున్నాయి. ఆకాశం కనపడడం లేదు. పక్క లంకల్లో నర్సరీలు మాడిపోయాయని బావ చెప్పాడు.

ఈ పొద్దున పడవ కింది తొట్టిలో కాగితం లేతనీలం తిరిగింది.

పొట్టుకీ ఒక కడుపే కదా, నిండిపోయింది. ఇక కొత్తది పట్టుకోలేక కిందికి జారవిడుస్తోంది. రేపటికి ఇంకా నీలమవుతుంది. మొలకలకి నీళ్ళు మానేస్తే ఎండుతాయి, పోస్తే చస్తాయి.

కొత్త పొట్టు తెమ్మని బావని పంపాను. మధ్యాహ్నానికి ఖాళీ పడవతో వచ్చాడు.

"తోటల్లో చిటికెడు పొట్టు లేదే. మొక్కలు సచ్చినోళ్ళందరూ మళ్ళీ పెట్టుకోడానికి ఎత్తుకుపోయేరు. కాయలొలిసేవరకూ ఆగాలంట," అన్నాడు. ఎప్పుడూ వేళాకోళం లేనిదే నోరు తెరవని మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. అది చూస్తే నాకు ఇంకా భయం వేసింది.

నేను గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. పాత పొట్టుని ఎండబెడదామంటే ఎండ లేదు. కడుగుదామంటే ఏ నీళ్ళతో? పులుపు పట్టిన పొట్టు తాగింది వదలదు. వదిలించాలంటే...

అత్తయ్య గుమ్మం ముందు ఆగాను. లోపల గోడ వారన కుండలు వరసగా ఉన్నాయి. చల్లొద్దన్నాక కూడా ఆవిడ రోజూ పొయ్యి బూడిద ఎత్తి దాస్తూనే ఉంది.

నా బుద్ధి ఎక్కడ గడ్డి తిన్నదో! మొలకని చంపింది బూడిదే, నిజం. ఎందుకు చంపింది? పొట్టు తాగిందంతా కక్కించింది కాబట్టి. మొలక లేని చోట కక్కిస్తే?

"అత్తయ్యా, బూడిద కావాలి," అన్నాను.

అన్నాళ్ళ తర్వాత నా వైపు చూసింది. "దేనికే? పాపిష్టి బూడిద గదా."

"ఆ పాపిష్టి పనే కావాలి. పడవలో పొట్టు విషం తాగి కదల్లేకుండా ఉంది. దాన్ని కక్కించాలి. నీ బూడిద తప్ప ఇంకొకటి కక్కించలేదు."

అత్తయ్య పక్కనున్న తుండుగుడ్డ నా వైపు విసిరింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

"ఎంత కావాలి?"

"గడప గడపదీ."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. "మరి నిలబడి సూత్తావేంటే, తట్టందుకో," అంది. గుమ్మంలోకి వచ్చి గట్టు చివరి దాకా వినపడేలా అరిచింది. "ఒరే! ఒసే! పొయ్యిల్లో బూడిదంతా ఊడ్సి తెండర్రా! బారసాల గాదు, కడుగుడు!"

నమోదు 9. ఆ మర్నాడు

లంకంతా పడవ చుట్టూ చేరింది. తట్టలతో, చాటలతో, కుండలతో వచ్చారు. తాగడానికి దాచుకున్న మంచినీళ్ళు ఇంటికో కుండ తెచ్చి, వాటిలో బూడిద కలిపి, పైన తేరిన నీటిని పొట్టు మీద పోశాం. మొదటి కుండ అత్తయ్యే వంచింది.

బెజ్జాల్లోంచి దిగిన నీళ్ళలో నజీమా కాగితం ముంచగానే అది నల్లనీలం అయింది. ఇన్నాళ్ళలో అంత నీలం నేను చూడలేదు. ఎవరైనా విషం చూసి గంతులేస్తారా? మేం వేశాం. నజీమా నా మెడ పట్టుకుని ఊపేసింది. పోసినకొద్దీ దిగింది. ఆ నీళ్ళని కాలవలోకి పోనివ్వకుండా గట్టు వెనక పాత ఉప్పు మడుల్లోకి మళ్ళించి, పలచగా పరిచాం. మబ్బు పోతే మిగతా పని ఎండ చూసుకుంటుంది.

నీలం తగ్గుతూ తగ్గుతూ తెల్లబడింది. అప్పుడు పొట్టుకి మళ్ళీ తరవాణి పట్టించి, వాన నీళ్ళు వదిలాం. కింద దిగిన నీటిలో కాగితం తెల్లగా వచ్చింది. కొత్త పొట్టు పట్టినట్టే పట్టింది! నిండితే బూడిద, కడిగాక పులుపు, మళ్ళీ నిండితే మళ్ళీ బూడిద. ఇక గాలిపడవలు ఎన్నయినా రానీ, ఎంతయినా చల్లనీ. మాకు పొయ్యి ఉంది, తరవాణి కుండ ఉంది.

"ఏడు నీళ్ళ పొట్టంటావు గదా, ఎనిమిదో నీరు మాయమ్మది," అన్నాడు బావ. గొంతు తిరిగి వచ్చింది మహానుభావుడికి. అటక మీది డప్పు కూడా దిగింది.

నమోదు 10. ఆశ్వయుజం చివర, ఎండ

మబ్బు విడిచింది. ఉప్పు మడుల్లో నీళ్ళు ఎండకి ఇగిరాయి. అడుగున మిగిలిన బురదని నజీమా తడిపి చూసింది. తెలుపు. మళ్ళీ చూడమన్నాను. తెలుపే.

మూడు పక్క లంకల నుంచి పడవలు వచ్చి తెప్ప పక్కన కట్టుకున్నాయి. ఎలా చేశారో చెప్పమని అడిగారు. చెప్పాను. పొట్టు రెండు నీళ్ళే కడుగుతారు కదా మీరు, అని ముందు నాలుగు చీవాట్లు పెట్టి మరీ చెప్పాను. పులియబెట్టడం ఎలాగో చూపించాను. ఒకాయన బూడిద కొంటానన్నాడు. అత్తయ్యకి కోపం వచ్చింది.

"మీ ఇంట్లో పొయ్యి లేదేంట్రా? ఎవరి మొక్కకి ఆళ్ళ పొయ్యి బూడిదే పొయ్యాలి," అంది. ఆ మాట నిజమో కాదో నజీమా కాగితం తేల్చలేదు. నేను మాత్రం ఎదురు చెప్పలేదు.

నమోదు 11. కార్తీకం, పోటుకి ముందు

ఈ రోజు బయటి గట్టు వెంట మడ మొక్కలు నాటాం. తెల్లారగట్ల మొదలుపెట్టి పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పచ్చగా నిలబడింది. గుమ్మం పక్క తరవాణి తాగి బతికిన ఆ ఒక్క వరసని అన్నిటికన్నా ముందు, అల తగిలే మూలన పెట్టాను. అవి మిగతావాటికన్నా జానెడు ఎత్తున్నాయి.

మండలి వాళ్ళు పడవల్లో వచ్చి గట్టు పొడవునా నడిచారు. ఒకాయన వంగి ఒక మొక్కని పీకి చూడబోతే "ఆయ్, సెయ్యెత్తండి," అని అత్తయ్య కర్ర అడ్డం పెట్టింది. ఆయన చేయి ఎత్తాడు. చివరిదాకా నడిచి వెనక్కి వచ్చి, నజీమాతో ఏదో అన్నారు. ఆ అమ్మాయి మా దగ్గరికి నడిచి రావలసింది, పరుగెత్తుకు వచ్చింది. తెప్ప మీద అడుగేయడానికి భయపడిన పిల్ల తడి గట్టు మీద పరుగు!

"మరమ్మతుల పడవలు రేపే వస్తాయక్కా. గూళ్ళు లేవు, ఏమీ లేవు. మీరంతా ఇక్కడే ఉంటారు!"

ఆ కేకలకి గట్టు అదిరింది. బావ డప్పు పగిలేలా కొట్టాడు. తన పడవని నేను బెజ్జాలు పెట్టించి నాశనం చేశాననే సంగతి ఈ రోజు నలుగురికీ గర్వంగా చెప్పుకున్నాడు.

అప్పుడు అత్తయ్య వరసల పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. తాత వరస. సూరమ్మ అవ్వ వరస. ఒక్కొక్క పేరూ పిలిచి మొక్కని తాకుతూ వచ్చింది. అలవాటు చొప్పున కొంగు ముడి విప్పి చిటికెడు బూడిద తీసింది. "అత్తయ్యా," అన్నాను గబుక్కున.

ఆవిడ చేయి మొక్క మీద ఆగింది. నా వైపు తిరిగి బోసినోటితో నవ్వింది.

"నాకు తెల్దంటే? దానికి ఎయ్యను," అంది. ఆ చిటికెడు బూడిదా తెచ్చి నా నుదుటి మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా రుద్దింది. పాత లంక నుంచి కుండలో ఎత్తుకొచ్చిన నిప్పుది, ఈ రోజు దాకా ఆరనివ్వని పొయ్యిది. నుదురు వెచ్చగా అనిపించింది. ఇన్నేళ్ళకి నాకు బారసాల జరిగింది.

"ఇది రాజ్యం వరసర్రా," అని అత్తయ్య మూలనున్న ఆ మొక్కల వైపు చేయి చూపించి, గట్టు చివరి దాకా వినపడేలా పిలిచింది.